పాత అద్దము

మా యింటి ముందు వేపచెట్టు క్రింద నిలిచియుండే అంబాసిడరు కారును ఈ చుట్టుప్రక్కల ఎరుగనివారు లేరు. అది 1986లో తయారైనది. మా మామగారు దానిని కొని, కన్నుమూయకముందు మాకిచ్చారు. 2014లో హిందుస్థాన్ మోటార్స్ వారు అంబాసిడరు తయారీ నిలిపివేసిన తరువాత దానిమీద మాకు మమకారము మరింత హెచ్చింది. ముందు అద్దము కూడ కంపెనీలో బిగించినదే. మూలనున్న ముద్ర యింకా చెరగలేదు. ఆ అద్దము మార్చాలా వద్దా అని మేము ఏడాదిగా నానబెట్టుచూ వచ్చాము.

పగలు చూస్తే లోపమేమీ కనబడదు. కాని ఇన్నేళ్ల వైపరు రాపిడికి, లారీల వెనుక ఎగిరిన ఇసుకకు అద్దము నిండ సన్నని గీతలు పడ్డాయి. రాత్రివేళ ఎదుటి బండి లైటు పడగానే ఆ గీతలన్నీ వెలిగి అద్దమంతా తెల్లబడిపోయేది. ఒక రాత్రి నొప్పులు పడుచున్న ఒక సోదరిని ఆసుపత్రికి తీసుకొని వెళ్లుచుండగా, కాలువగట్టు మలుపులో లారీ ఎదురైంది. ఎడమ ప్రక్కన సైకిలు నడిపించుకొని వెళ్లుచున్న పెద్దాయన మాకు కనబడనేలేదు. మా ప్రక్కన కూర్చున్న మా యింటావిడ కిటికీలోనుండి చూచి కేక వేసింది గనుక మూరెడు దూరములో ఆగాము.

అయినను మనస్సు కుదరలేదు. పాత కార్లు కొనే పట్నపు ఆసామి ఒకరు, "ఒరిజినల్ అద్దం తీస్తే విలువ పడిపోతుందండి" అన్నారు. గీతలు పాలిష్ చేయవచ్చునా అని మెకానిక్కును అడిగాము.

"లోతు గీతలు పోవాలంటే అద్దం బాగా అరగదీయాలి అయ్యగారూ. అప్పుడు రోడ్డు వంకరగా కనపడుతుంది" అన్నాడు. మూలనున్న ముద్ర చూపించి, యిది టఫెన్డ్ అద్దమని, గట్టి దెబ్బ తగిలితే ఒక్కసారిగా చిన్న చిన్న ముక్కలుగా చిట్లుతుందని చెప్పాడు. ఇప్పటి ముందు అద్దాలు లామినేటెడ్‌వి. రెండు గాజు పలకల నడుమ ప్లాస్టిక్ పొర ఉంటుంది గనుక పగిలినను ముక్కలు ఆ పొరకే అంటుకొని ఉంటాయి.

మామగారి జ్ఞాపకము పోతుందేమోనని మేమింకా వెనుకాడుచుండగా, ఆయన కూతురే తేల్చి చెప్పింది: "నాన్నగారు ఈ కారు కొన్నది నలుగురికి పనికొస్తుందనే గాని, అద్దం దాచుకోవడానికి కాదండీ."

మరుసటి వారము మెకానిక్కు పాత రబ్బరు బీడింగు తీసి, క్రొత్తదాని గాడిలో తాడు చుట్టి, లోపలినుండి ఆ తాడు లాగుచూ క్రొత్త అద్దము కూర్చాడు. పాతదానిని కోసి కోళ్లగూటికి పెట్టుకొందామని పిల్లలన్నారు. టఫెన్డ్ అద్దము కోయబోతే మొత్తము చిట్లిపోతుందట. గనుక గోనెపట్టా చుట్టి అటకమీద ఉంచాము.

మొన్న రాత్రి అదే మలుపులో మరల లారీ ఎదురైంది. ఈసారి గట్టు అంచున నడుచుచున్నవారి కాళ్లు కూడ స్పష్టముగా కనబడ్డాయి. ఆనాడు ఆ పెద్దాయన క్షేమముగా ఇల్లు చేరుట మా జాగ్రత్త వలన కాదని అప్పుడు మరింత తెలిసింది. ప్రియ చదువరులారా, మీ యింట పాత బండి ఉంటే దాని అద్దమును పగలు చూచి తృప్తిపడకండి. ఒక రాత్రి, బండి ఆపియుంచి, ఎదుటి లైటు వెలుగులో చూడండి.