కొలతలు లేని క్రొకేతాలు

నా దగ్గరొక పాత నోటుపుస్తకం ఉంది. పచ్చ అట్ట, లోపల గళ్ళ కాగితాలు. 2009-11 మధ్య స్పెయిన్‌లోని సలమాంకాలో చదువుకుంటున్న రోజుల్లో, నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడ వంట చేస్తుంటే పక్కన నిలబడి రాసుకున్నది. చదువు తాలూకు పుస్తకాలన్నీ ఎక్కడెక్కడో పోయాయి గానీ, ఇది మాత్రం నాతోబాటు మద్రీదు దాకా వచ్చింది. అందులో రాతంతా తెలుగే. స్పానిషు అప్పటికి నా చెవికి పట్టింది గానీ చేతికి పట్టలేదు మరి.

మొన్న అక్టోబరులో ఆవిడ కూతురు ఫోను చేశారు. పెద్దావిడకు తొంభై దాటాయి. రెండేళ్ళుగా వృద్ధాశ్రమంలో ఉంటున్నారు. జ్ఞాపకశక్తి బాగా సన్నగిల్లింది. "అమ్మ క్రొకేతాలు ఎలా చేసేదో మాలో ఎవరికీ తెలియదు. ఆవిడ చేసేది, మేం తినేవాళ్ళం, అంతే. నువ్వేదో రాసుకుంటూ ఉండేవాడివి కదా, అది ఉందా?" అని అడిగారు. భేషుగ్గా ఉందన్నాను. తీరా పుస్తకం తెరిచి చూస్తే ముచ్చెమటలు పోశాయి.

"వెన్న – కొంచెం. పిండి – వెన్నకు సరిపడా. పాలు – పట్టినన్ని. పూర్ణంలా అయ్యేదాకా తిప్పాలి."

ఇదీ నా నిర్వాకం! ఒక ఇంటివారు డెబ్బై ఏళ్ళు తిన్న వంటకానికి మిగిలిన ఏకైక ఆధారం, ఆ ఇంట్లో ఎవరూ చదవలేని లిపిలో ఉంది. చదవగలిగిన నాకేమో అందులో ఒక్క అంకె కూడా కనబడలేదు.

క్రొకేతా అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. మైదా, వెన్న, పాలు కలిపి చిక్కగా ఉడికించిన బెషమెల్ అనే ముద్దలో హామోన్ ముక్కలు కలిపి, ఒక రాత్రంతా చల్లబరచి, చిన్న కోలముద్దలుగా చేసి, గుడ్డుసొనలో ముంచి, రొట్టెపొడిలో దొర్లించి నూనెలో వేయిస్తారు. హామోన్ అంటే ఉప్పు పట్టించి నెలల తరబడి గాలికి ఆరబెట్టిన పంది తొడ. పేరు ఫ్రెంచివారిది, కరకరా కొరకడమని ఆ మాటకు మూలార్థం. కానీ పైన కరకరలాడి లోపల వెన్నలా జారిపోయే గుణం మాత్రం స్పెయిన్ వంటింటిదే. ఎమిలియా పార్దో బాసాన్ అనే ప్రసిద్ధ రచయిత్రి 1913లో ప్రాచీన స్పానిషు వంటల మీద పుస్తకం వేస్తూ, ఈ విషయంలో ఫ్రెంచివారికంటే తమవారిదే పైచేయి అని తేల్చేసింది.

మా పెద్దావిడకు ఇది పండుగ వంట కాదు, పొదుపు వంట. అంతర్యుద్ధం 1939లో ముగిశాక స్పెయిన్‌లో 1952 దాకా రేషను కార్డులు నడిచాయి. ఆవిడ బాల్యమంతా ఆ కార్డుల వరుసల్లోనే గడిచింది. అందుకే ఆ ఇంట్లో ఏదీ పారవేయడమనేది ఉండేది కాదు. హామోన్‌కు పేరుపడ్డ గిహ్వేలో ఊరు సలమాంకా జిల్లాలోదే. క్రిస్మస్‌కి అక్కడినుంచి ఒక తొడ వచ్చేది. పల్చటి రేకులుగా కోయగలిగినదంతా అయిపోయాక, ఎముకను అంటుకుని ఎండిపోయిన ముక్కలు మిగిలేవి. మాంచేగో జున్ను చివర గట్టిపడ్డ ముక్క, నిన్నటి రొట్టె... ఇవన్నీ క్రొకేతాలకే చేరేవి.

సరే, అసలు విషయానికి వస్తాను. అంకెలు లేని కాగితాన్ని పంపలేను కనుక, మొదట నేనే చేసి చూద్దామనుకున్నాను. లీటరు పాలకు ఎనభై గ్రాముల వెన్న, ఎనభై గ్రాముల మైదాతో మొదలుపెట్టాను. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినా ముద్ద చేతికి రాలేదు. ఎలాగో చుట్టి నూనెలో వేస్తే ఒక్కొక్కటే పగిలి, నూనె నిండా పాలపిండి! రెండోసారి మైదా నూట అరవై గ్రాములు వేశాను. పగలలేదు గానీ, ఆరిపోయిన ఉప్మా తిన్నట్టుంది.

దిక్కుతోచక అమ్మకు ఫోను చేశాను. మా ఇంట్లో పంది మాంసం పేరు కూడా ఎత్తరు. అందుచేత జాగ్రత్తగా, "అమ్మా, పూర్ణం నూనెలో పగిలిపోతే ఏం చేస్తావు?" అని అడిగాను.

"పూర్ణం పల్చగా ఉండి ఉంటుంది. లేదా వేడిమీద ఉండగానే చుట్టి ఉంటావు. తోపు అంతటా పట్టిందా? సూదిమొనంత చిల్లున్నా అక్కడినుంచే పగులుతుంది. నూనె కాగకుండా వేసినా అంతే. ఇంతకీ ఏం పూర్ణంరా అది?"

"పాల పూర్ణం."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "అందులో ఇంకేం వేశావో నాకు చెప్పకు. నాలుగేసి చొప్పున వెయ్యి, ఒకేసారి కుమ్మరించకు" అంది.

మూడోసారి కుదిరింది. లెక్క ఇదీ: పాలు లీటరు, వెన్న నూరు గ్రాములు, మైదా నూట ఇరవై, సన్నగా తరిగిన హామోన్ నూట యాభై, తురిమిన మాంచేగో ఎనభై. వెన్నలో హామోన్ ఒక నిమిషం మగ్గనిచ్చి, మైదా వేయించి, వేడిపాలు కొద్దికొద్దిగా పోస్తూ ఇరవై నిమిషాలు తిప్పాలి. జున్ను చివర్లో. రెండింటిలోనూ ఉప్పుంటుంది గనుక, రుచి చూడకుండా ఉప్పు వేయకూడదు. పైన తొరక కట్టకుండా ప్లాస్టిక్ కాగితం ముద్దకు అంటేలా కప్పి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి. గుడ్డు, రొట్టెపొడి రెండుసార్లు పట్టించి, బాగా కాగిన నూనెలో, అంటే 180 డిగ్రీల దగ్గర, నాలుగేసి చొప్పున వేయించాలి.

ఆ శనివారం ఒక డబ్బా నింపుకుని చమార్తీన్ స్టేషనులో రైలెక్కాను. ఆశ్రమంలో పెద్దావిడ నన్ను "ఇహో" అని పిలిచారు. అంటే నాయనా అని. ఒక్క క్షణం పొంగిపోయాను గానీ, అక్కడి నర్సునీ అలాగే పిలవడం విని సర్దుకున్నాను. క్రొకేతా చేతికిస్తే వేళ్ళతో కొంచెం నొక్కి చూసి, సగం కొరికి, చాలాసేపు నమిలారు. కూతురు, నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాం.

"బాగున్నాయి. పిండి ఇంకాస్త వేగాల్సింది," అన్నారు. మిగతా సగం కూడా తిని ఇంకోదానికి చెయ్యి చాచారు.

అది ఎవరు చేశారో, నేనెవరినో ఆవిడకు తెలియదు. పిండి పచ్చివాసన మాత్రం తెలిసింది. తిరుగు రైల్లో పచ్చ పుస్తకం తీసి, "పిండి – కమ్మటి వాసన వచ్చేదాకా, మూడు నిమిషాలకు తగ్గకుండా" అని చేర్చాను. అదంతా స్పానిషులో శుభ్రంగా రాసి, ఆ రాత్రే కూతురికి పంపించాను.

సంక్రాంతికి ఇంటికి వెళుతున్నాను. అమ్మ పూర్ణం బూరెలకు కూడా ఇంతవరకూ ఎవరమూ లెక్క రాయలేదు. అడిగితే "కంటికి ఆనినంత" అంటుంది. అందుకని అడగదలచుకోలేదు. బెల్లం డబ్బా, శనగపప్పు డబ్బా ఆవిడ ముట్టకముందు ఒకసారి, వంటయ్యాక ఒకసారి తూచుకుంటాను. చిన్న తూకం ఒకటి కొని, ఇప్పటికే పెట్టెలో పెట్టుకున్నాను.