అమ్మ కూడా నడిచిన మెకంజీ బాట

ఆరెగాన్‌లో మెకంజీ నది వెంట అడవిలో సాగే కాలిబాట సుమారు 26 మైళ్లు. మోకాళ్ల నొప్పుల అమ్మ, "మీరెళ్లి రండి, నేను కార్లో కూర్చుంటా" అంది. కానీ హైవే మీంచి ఈ బాటలోకి చాలాచోట్ల దిగొచ్చు. ఎవరి ఓపిక కొద్దీ వాళ్లు నడవచ్చు.

సహాలీ జలపాతం పార్కింగ్‌కి దగ్గరే. వంద అడుగుల ఎత్తునుంచి దూకే నీళ్ల తుంపర మొహాన పడగానే అమ్మ నవ్వింది. నేనూ పిల్లలూ అరమైలు దిగువన కూసా జలపాతానికి నడిచాం. మా ఆయన అమ్మను కార్లో అక్కడికి తెచ్చారు.

ఇంకా దిగువన, లావా రాళ్లకింద మాయమైన నది టామోలిచ్ నీలిమడుగులో పైకొస్తుంది. రానూపోనూ నాలుగు మైళ్లు, రాళ్లదారి. అమ్మకు కష్టం. నీళ్లు మంచులా ఉంటాయి, దూకి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. పిల్లల్ని ఒడ్డునే ఉంచండి.

తిరుగుదారిలో అమ్మే అడిగింది: "రేపు ఇంకెక్కడ దిగుదామే?"