ఆయన్ని పిల్చుకొని రా

తొలకరి పడిందంటే వజ్రకరూరు చేలల్లో నడుములు వంగుతాయి. నేను బస్సు దిగిన పొద్దున కూడా పదిమంది వజ్రాల కోసం తడిమట్టిని కళ్లతో దువ్వుతున్నారు. నా పని మాత్రం ఆసుపత్రిలో. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎలా చేస్తారో చూడాలి.

నర్సమ్మ చెప్పింది. పలచటి అసిటిక్ ఆమ్లంలో దూది ముంచి అద్దుతారు. ఒక్క నిమిషం ఆగుతారు. తెల్లమచ్చ తేలితే పెద్దాసుపత్రికి పంపుతారు. 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు అయిదేళ్లకోసారి చేయాలన్నది 2016 నాటి కేంద్ర మార్గదర్శకం.

"మగోనితో పొత్తు లేదు, నాకెందుకు అంటారక్కా కొందరు" అంది.

ఆడదానికి ఆడదే జోడీ అయినవాళ్ల సంగతేమిటని అడిగాను. ఆమె లేచి తలుపు దగ్గరగా వేసింది.

"ఉండారు. తెల్లబట్టకు పచ్చరంగు కిట్టులోని మాత్రలిచ్చి, ఆయన్ని కూడా పిల్చుకొని రా అంటాం. నోటికి అలవాటైపోయింది. ఇంకేం చెప్తారు వాళ్లు? మళ్లా రారు. అయినా, ఆడోళ్ల మధ్య అంటుతుందా అక్కా?"

అంటుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీకి చర్మం చర్మానికి తగిలితే చాలు. హెర్పిస్ కూడా అంతే. ట్రైకోమోనాస్ వేళ్ల తడితో, పడకలో ఇద్దరూ వాడే వస్తువులతో పాకుతుంది. చేపవాసన వేసే బ్యాక్టీరియల్ వాజినోసిస్ ఈ జోడీల్లో మిగతా ఆడవాళ్లలో కన్నా ఎక్కువ. హెచ్‌ఐవీ చాలా అరుదు గానీ, టెక్సస్‌లో ఒక ఆమె నుంచి ఆమె తోడుకు సోకి ఉండొచ్చని 2014లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వెల్లడించింది. పైగా వీళ్లలో పెళ్లయి పిల్లలున్నవాళ్లూ ఉంటారు, మగవాళ్ల నుంచి సోకే దారీ ఉంటుంది.

జాగ్రత్తలు కష్టమైనవేమీ కావు. గోళ్లు కత్తిరించుకోవాలి, చేతులు కడుక్కోవాలి. వస్తువుకు తొడిగిన కండోమ్‌ను మనిషి మారినప్పుడల్లా మార్చాలి. నోటికి అడ్డుపొర కావాలంటే కండోమే చాలన్నాను. ఆమె అక్కడికక్కడే ఒకటి విప్పి, కత్తెరతో కొస, అంచు తీసేసి నిలువునా చీల్చింది. అరచేతికన్నా కాస్త పెద్ద పొర వచ్చింది. చేతులకు జిడ్డంటి ఇద్దరం నవ్వుకున్నాం.

వయసొచ్చిన ఆడవాళ్లిద్దరు ఇష్టపడి కలవడం 377వ సెక్షన్ కింద నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చింది. కానీ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం ప్రత్యేకంగా పట్టించుకునే వర్గాల జాబితాలో ఈ ఆడవాళ్లు లేరు. అడిగేవాళ్లుంటేనే కదా వాళ్లు చెప్పేది.

మీ జోడీ ఎవరైనా సరే, 30 దాటితే ఆ ఒక్క నిమిషం పరీక్ష చేయించుకోండి. హెచ్‌ఐవీ, సుఖవ్యాధుల సందేహాలుంటే 1097కు ఫోన్ చేయండి. డబ్బులు పడవు.