ఫారంలో లేని గడి

హైదరాబాద్ పాతబస్తీలో, సాలార్‌జంగ్ మ్యూజియానికి దగ్గర్లో ఉన్న ఛత్తా బజార్ శుభలేఖలకు పెట్టింది పేరు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు కార్డులు దుకాణాల అద్దాల వెనక వరసలు తీరి ఉంటాయి. ముహూర్తాలున్న నెలల్లో ఇక్కడి స్క్రీన్ ప్రింటర్లకు తలెత్తే తీరిక దొరకదు. ఆషాఢం రాగానే తెలుగు పెళ్లిళ్లు ఆగిపోతాయి, ఫ్రేములు గోడలకు ఆనుకుంటాయి. ఒక యువ చిత్రకారిణి ఆ ఖాళీ కోసమే ఎదురుచూసింది. జ్యూరీ ఎంపిక చేసే ఒక జాతీయ ప్రదర్శనకు పంపాల్సిన స్క్రీన్‌ప్రింట్‌ను ఇక్కడే అచ్చు వేయిస్తోందని తెలిసి చూడటానికి వెళ్లాను.

దుకాణం వెనక గది అది. గదిలో సగం బల్లే. బల్ల అంచున రెండు క్లాంపులు ఫ్రేమును పట్టుకుని ఉన్నాయి. పైకెత్తితే లేస్తుంది, దించితే సరిగ్గా అదే చోట కూర్చుంటుంది. గోడ పక్కన తంతెల ర్యాక్‌లో కాగితాలు ఆరుతున్నాయి. థిన్నర్ వాసన ముక్కులో కాసేపు గుచ్చుకుని తర్వాత అలవాటైపోయింది. ప్రింటర్‌కు అరవై దాటి ఉంటాయి. ఆమె ఆయన్ని చాచా అంటోంది, ఆయన ఆమెను బేటా అంటున్నాడు.

ఆమె బొమ్మలో పాతబస్తీ డాబాలున్నాయి. డాబాల మీద నల్లటి నీళ్ల ట్యాంకులు, వాటి మధ్య బట్టల తాళ్లు, ఒక మూల నిచ్చెన. చదువుకునేటప్పుడు లోహపు రేకు మీంచి అచ్చు తీసే ఎచింగ్ నేర్చుకుంది. కాలేజీ వదిలాక ఎచింగ్ ప్రెస్సు అందుబాటులో లేదు. ఇనుప రోలర్ల ప్రెస్సు కొనాలంటే స్థోమత కావాలి, పెట్టుకోవాలంటే ఇల్లు పెద్దదవ్వాలి. స్క్రీన్‌ప్రింట్‌కు ప్రెస్సుతో పని లేదు. బల్ల, ఫ్రేములు, నీళ్ల పంపు, నిలకడైన చెయ్యి ఉంటే చాలు. మొదటి మూడూ ఎలాగో సమకూర్చుకోవచ్చు. నాలుగోదాని కోసమే ఆమె ఇక్కడికి వచ్చింది.

ఈ బొమ్మకు ఐదు స్క్రీన్లు. ఒక్కో రంగు ఎక్కడెక్కడ పడాలో ఆమె ఒక్కో పారదర్శక ఫిల్ము మీద నల్ల సిరాతో తనే చేత్తో గీసింది. వీళ్ల భాషలో అది పాజిటివ్. ఫ్రేముకు బిగించిన పాలిస్టర్ జాలీ మీద వెలుతురుకు గట్టిపడే ఎమల్షన్ పూసి, చీకట్లో ఆరబెట్టి, దాని మీద పాజిటివ్ పెట్టి దీపాల పెట్టె మీద ఉంచుతారు. వెలుతురు తగిలినచోట ఎమల్షన్ బిగుసుకుంటుంది. నల్ల గీత కింద మెత్తగానే ఉండి నీళ్లు కొట్టగానే కరిగిపోతుంది. అలా తెరుచుకున్న రంధ్రాల గుండానే రంగు కాగితం మీదికి దిగుతుంది. పెద్ద మైదానంలా పరుచుకునే రంగులకు కాస్త వదులు జాలీ, బట్టల తాళ్లలాంటి సన్న గీతలకు సెంటీమీటరుకు 120 పోగులున్న జాలీ వాడారు.

రంగులు లేతవాటి నుంచి ముదురువాటికి వెళ్లాయి. ముందు పసుపు, తర్వాత ఇటుక రంగు, ఆపైన పలచటి నీలం. పసుపు మీద నీలం పడినచోట ఆకుపచ్చ వచ్చింది, ఇటుక మీద పడినచోట సాయంత్రపు నీడ వచ్చింది. ఆ రెండింటికీ విడిగా స్క్రీన్లు లేవు. రంగు మీద రంగు పడితే ఏమవుతుందో ముందే లెక్కగట్టి గీసిన బొమ్మ ఇది. కాన్వాస్ మీద వేసిన పెయింటింగ్‌ను ఫొటో తీసి స్క్రీన్‌కు ఎక్కించడం వేరే పని.

ఆషాఢంతో చిక్కు ఒకటుంది. చాచాకు తీరిక దొరికేది వానల్లోనే. కాగితానికి వానగాలి పడదు. ఆమె తెచ్చింది 300 జీఎస్ఎం నూలు కాగితం. శుభలేఖల అట్టలా కాదు, గాల్లో తేమ పెరిగితే తాగి సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. ఆ తేడా ఒక్క మిల్లీమీటరే కావచ్చు. కానీ నిన్న పసుపు పడినచోట ఇవాళ నల్లగీత సరిగ్గా కూర్చోవాలంటే ఆ మిల్లీమీటరే చాలా ఎక్కువ. ఉదయం చాచా ర్యాక్‌లోంచి ఒక కాగితం తీసి, మూలను వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

“కాయితం తడి తాగింది బేటా. ఇయ్యాల నల్లరంగు వద్దు.”

“గడువు దగ్గరపడుతోంది చాచా.”

“దగ్గరికొస్తే రానియ్. వంకరపోతే మళ్ల దిద్దేదుంటదా?”

ఆ పూట నల్లరంగు ఆపేశారు. కాగితాలన్నిటినీ ఫ్యాను గాలికి ఆరనిచ్చి మధ్యాహ్నం తర్వాత మొదలుపెట్టారు. స్క్రీన్‌కు, కాగితానికి మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంచాడు. రంగును తోసే రబ్బరు పట్టీ, అంటే స్క్వీజీ, ఒత్తిన చోట మాత్రమే జాలీ కాగితాన్ని తాకి, వెంటనే పైకి లేవాలి. లేవకపోతే గీత అంచు పాకుతుంది. ఆయన స్క్వీజీని రెండు చేతులతో పట్టుకుని, ఒకే వంపులో, ఒకే ఒత్తిడితో తనవైపు లాగాడు. మధ్యలో ఆగలేదు, వేగం మార్చలేదు. రంగు జాలీలో ఆరిపోకుండా రిటార్డర్ ఎంత కలపాలో కొలత గ్లాసు లేకుండానే తెలుసు. ప్రతి కాగితాన్నీ ఎత్తి, రెండు మూలల్లోని రిజిస్ట్రేషన్ గుర్తులు ఒకదానిమీద ఒకటి పడ్డాయో లేదో చూసి ర్యాక్‌కు పంపాడు.

ఎడిషన్ 25 ప్రతులు. పాడయ్యేవి పోను మిగలాలని 38 కాగితాలతో మొదలుపెట్టారు. ఒక్కో రంగు దగ్గర ఒకటో రెండో రాలిపోతూ వచ్చాయి. చివరి రంగు పూర్తయ్యాక ఆమె అన్నిటికన్నా నచ్చిన ఒక ప్రతిని గోడకు తగిలించింది. మిగతావన్నీ దానితో పోల్చి చూడాలి. ఇక్కడ ఇద్దరి చూపూ వేరయింది. ఒక ప్రతిలో నీలం కాస్త ముదురుగా పడి బొమ్మకు కొత్త అందం వచ్చిందని ఆమె ముచ్చటపడింది. చాచా దాన్ని పక్కకు తోశాడు. “మంచిగున్నదో లేదో నాకు ఎర్క లేదు. తక్కినయి గిట్ల లెవ్వు.”

ఆయన మాటే నిలిచింది. ఎడిషన్ అనేది కొనేవాళ్లకు, చూసేవాళ్లకు ఇచ్చే మాట. ప్రదర్శన గోడ మీద ఉండేది ఒక్క ప్రతే, జ్యూరీ చూసేదీ దాన్నే. కానీ పెన్సిల్‌తో 7/25 అని రాసిన క్షణం, చూడని ఇరవై నాలుగూ ఇలాగే ఉన్నాయని కళాకారుడు హామీ ఇస్తున్నాడు. రంగు రంగుకూ ర్యాక్‌లో కాగితాల వరస మారిపోతుంది కాబట్టి ఒకటో నంబరు ప్రతి ముందు పుట్టిందనీ, మేలైనదనీ అనుకోవడానికి లేదు. ఐదు వందల కార్డుల్లో ఒక్కటి తేడాగా వచ్చినా పెళ్లివారు వెనక్కి తెచ్చే వృత్తిలో ఇన్నేళ్లు గడిపిన మనిషికి ఈ సూత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎడిషన్ ముగిశాక స్క్రీన్ల మీది ఎమల్షన్‌ను రసాయనంతో కడిగేశారు. ఇక ఆ స్క్రీన్ల నుంచి ఇరవై ఆరో ప్రతి రావడానికి దారి లేదు.

తర్వాతి పని ఎంట్రీ ఫారం. దుకాణం ముందుగదిలో శుభలేఖల నమూనాల పక్కన కూర్చుని ఆమె ఫోన్‌లో నింపింది. పేరు, బొమ్మ శీర్షిక, మాధ్యమం, కొలతలు, ఏ సంవత్సరంలో చేసింది, ఎడిషన్ సంఖ్య, ధర. కింద ఒక ధ్రువీకరణ: ఇది స్వయంగా చేసిన మూల కృతి, మరో కృతికి నకలు కాదు.

ఆ ఒక్క వాక్యం వెనక పెద్ద అనుమానమే ఉంది. మన గ్యాలరీల్లో సెరిగ్రాఫ్ (స్క్రీన్‌ప్రింట్‌కే ఇంకో పేరు) పేరుతో అమ్ముడయ్యేవాటిలో చాలావరకు పెయింటింగులను స్క్రీన్ మీదికి ఎక్కించినవే. చిత్రకారుడు హుస్సేన్ బొమ్మలకు, తోట వైకుంఠం గీసిన తెలంగాణ స్త్రీల బొమ్మలకు అలాంటి సెరిగ్రాఫులు దొరుకుతాయి. లక్షలు పెట్టలేనివాళ్ల గోడ మీదికి ఆ బొమ్మ రావడం మంచిదే. కానీ జ్యూరీ ముందు స్క్రీన్‌ప్రింట్ కనబడగానే ఇదీ అలాంటిదేనా అన్న ప్రశ్న లేస్తుంది. ఈ ప్రశ్న మనకే పరిమితం కాదు. 1964లో ఫ్రాన్స్‌లో ముద్రణ కళ కమిటీ ఒకటి, ఫొటో పద్ధతులతో, యంత్రాలతో తీసినవి మూల ముద్రణలు కావని తేల్చింది. మరుసటి ఏడాదే పారిస్ యువ కళాకారుల బినాలేలో ప్యాట్రిక్ కాల్‌ఫీల్డ్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడి ‘రూయిన్స్’ బహుమతి గెలుచుకుంది. అది స్క్రీన్‌ప్రింట్.

దాన్ని అచ్చు వేసింది లండన్‌లోని కెల్ప్రా స్టూడియో. నడిపింది క్రిస్ ప్రేటర్, ఆయన భార్య రోజ్. ప్రేటర్ ఆర్ట్ కాలేజీ మనిషి కాదు, పోస్టర్లు అచ్చు వేసుకునే వ్యాపార ప్రింటర్. 1964లో లండన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కాంటెంపరరీ ఆర్ట్స్ 24 మంది చిత్రకారుల స్క్రీన్‌ప్రింట్లతో ఒక సంపుటి తెచ్చినప్పుడు అచ్చు ఆయన చేతి మీదుగానే సాగింది. పావొలొజ్జీ, హామిల్టన్, కిటాజ్ వంటి కళాకారులు ఆయన దగ్గరికి వచ్చారు. 1980లో టేట్ గ్యాలరీ ఆ స్టూడియో పేరుమీదే ప్రదర్శన పెట్టింది. ఛత్తా బజార్ గదిలో నిలబడి ఇది గుర్తు చేసుకోవడం అతిశయోక్తి కాదనుకుంటాను. చిత్రకారుడికి తెలియని మెలకువ వ్యాపార ప్రింటర్ దగ్గర ఉండటం, ఇద్దరూ కలిస్తేనే ఆ బొమ్మ రావడం అక్కడా ఇక్కడా ఒకటే.

ఫారంలో ఇంకో మెలిక ఫొటో. మొదటి దశలో జ్యూరీ చూసేది కంప్యూటర్ తెర మీద కనబడే బొమ్మనే. అందులో నెగ్గితే అసలు ప్రతి ఢిల్లీ వెళ్తుంది. అందుకని అంత శ్రమపడి పరిచిన రంగుల పొరలు ముందు ఒక ఫొటోలో బతికి బయటపడాలి. పొరల కింది నీలం ఫొటోలో బూడిదగా మారింది, ట్యాంకుల నలుపు చదునైపోయింది. ఆమె కాగితాన్ని డాబా మీదికి తీసుకెళ్లి, మబ్బు వెలుతురులో మెరుపు పడకుండా మళ్లీ తీసింది. వానమబ్బు ఈసారి మేలే చేసింది.

ఫారం మొత్తం చదివాక నాకు కనబడిన లోటు ఒకటే. కళాకారుడి పేరుకు గడి ఉంది, ప్రింటర్ పేరుకు లేదు. విదేశీ ప్రింట్ స్టూడియోల్లో అచ్చు వేసినవారి ముద్రను కాగితం మూలన రంగు లేకుండా ఒత్తడం ఆనవాయితీ. దానివల్ల చిత్రకారుడి గొప్ప తగ్గదు. ఎవరి చేతిలో ఏ పని జరిగిందో కొన్నవాళ్లకు తెలుస్తుంది, అంతే. బొమ్మ ఆమెదే. ఆలోచన, గీత, రంగుల లెక్క అన్నీ ఆమెవే. కానీ ఇరవై ఐదు ప్రతులనూ ఒక్కలా నిలబెట్టిన చెయ్యి వేరు. ఆ చెయ్యిని దాచిపెట్టమని అడగకుండానే అడుగుతున్నాయి మన ఫారాలు. నిజం చెప్తే మూల కృతి కాదంటారేమోనన్న భయంతో చాలామంది దాన్ని దాచేస్తారు. గడి పెడితే ఆ భయం పోతుంది. స్వయంగా గీసిన పాజిటివ్‌లకు, ఎవరికో అప్పగించిన ఫొటోకు తేడా కూడా జ్యూరీకి సూటిగా తెలుస్తుంది.

ఫారంలో చోటు లేదు కాబట్టి ఆమె ప్రతితో పాటు పంపే ఎడిషన్ పత్రాన్ని తనే తయారు చేసింది. కాగితం రకం, స్క్రీన్ల సంఖ్య, రంగుల వరస, స్క్రీన్లు కడిగేసిన తేదీ, పాజిటివ్‌లు గీసింది ఎవరు, అచ్చు వేసింది ఎవరు. ప్రింట్ తీసి చాచాకు చూపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, పైన రాసిన కళ సంగతులన్నీ దాటేసి చివరి వరసకు వచ్చాడు. ఎర్ర పెన్ను తీసి తన పేరులో ఒక అక్షరాన్ని చుట్టాడు. శుభలేఖలు అచ్చు వేసే మనిషి, పేర్ల దగ్గర తప్పు ఊరుకోడు. ఆమె దిద్ది ఇంకో ప్రింట్ తీసింది.