పాత ప్లేటు ఏదండీ?

మన ఐటీ వాళ్ళం అలవోకగా వాడే రోగనిర్ధారణ ఒకటుంది: "యూజర్ ఎర్రర్". శుక్రవారం సాయంత్రం వచ్చిన టికెట్‌ని మూసెయ్యడానికి ఇంతకన్నా మంచి మంత్రం లేదు. కోడ్ చూడక్కర్లేదు, లాగ్స్ తియ్యక్కర్లేదు, తప్పు అవతలివాడిది. ఈ జబ్బు మనకొక్కళ్ళకే ఉందనుకుంటాం గానీ, కార్ల షెడ్లలో కూడా ఉంది. అక్కడ దాని పేరు "మీ డ్రైవింగేనండీ, హాఫ్ క్లచ్ మీద నడుపుతున్నారు".

నిజంగా డ్రైవింగ్ వల్లే పాడయ్యే క్లచ్‌లు బోలెడు. కాదనను. కానీ ఆ మాట అనే ముందు చూపించాల్సిన సాక్ష్యం ఒకటుంది. అది చూపించకుండా అంటే మాత్రం ఒప్పుకోకూడదని నా వాదన. సాక్ష్యం సంగతి తర్వాత చెప్తాను. ముందు అసలు "క్లచ్ పోయింది" అంటే ఏమిటో చూద్దాం. ఎందుకంటే ఆ రెండు మాటల వెనక కనీసం నాలుగు వేరువేరు జబ్బులున్నాయి.

ఇంజిన్ వెనక ఫ్లైవీల్ తిరుగుతూ ఉంటుంది. దానికి ఆనుకుని క్లచ్ ప్లేటు, దాన్ని గట్టిగా అదిమి పట్టుకునే ప్రెషర్ ప్లేటు. పెడల్ తొక్కితే ఆ పట్టు వదులుతుంది, ఇంజినూ గేర్ బాక్సూ విడిపోతాయి. వదిలితే మళ్ళీ పట్టుకుంటుంది. అంతే కథ. ఇందులో పట్టు చాలకపోవడం ఒక జబ్బు, పట్టు పూర్తిగా వదలకపోవడం ఇంకో జబ్బు. రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. కానీ బిల్లు మీద రెండిటికీ ఒకటే రాస్తారు: క్లచ్ సెట్.

మొదటిది జారడం, అంటే స్లిప్. యాక్సిలేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరుగుతుంది, బండి వేగం మాత్రం పెరగదు. నాలుగో గేర్లో 40 మీద వెళ్తూ ఒక్కసారి గట్టిగా తొక్కితే తెలిసిపోతుంది. లేదా ముందు ఎవరూ లేని ఖాళీ చోట హ్యాండ్ బ్రేక్ బాగా లాగి, మూడో గేర్ వేసి, కొంచెం యాక్సిలేటర్ ఇస్తూ క్లచ్ వదలండి. ఇంజిన్ టక్కున ఆగిపోతే క్లచ్ పట్టుకున్నట్టే. ఆగకుండా ఇంకా తిరుగుతూ ఉంటే జారుతోందని అర్థం. (ఇది ఒక్కసారి చేస్తే చాలు. సరదాకి పదిసార్లు చేస్తే బాగున్న ప్లేటు కూడా మాడుతుంది.)

రెండోది వదలకపోవడం. గేర్లు పడవు, రివర్స్ వేస్తే కర్రుమంటుంది. ఇంజిన్ ఆపి గేర్లు మార్చి చూడండి. ఆపినప్పుడు హాయిగా పడి, స్టార్ట్ చేసినప్పుడే మొరాయిస్తే క్లచ్ సరిగ్గా విడవడం లేదు. కేబుల్ సాగి ఉండొచ్చు, హైడ్రాలిక్ అయితే ఆయిల్ కారుతూనో గాలి చేరో ఉండొచ్చు. చాలాసార్లు గేర్ బాక్స్ దించకుండానే తేలిపోయే పని ఇది. ఇంజిన్ ఆపినా గేర్లు బిగుసుకునే ఉంటే అనుమానించాల్సింది గేర్ లింకేజీని, క్లచ్‌ని కాదు.

మూడోది, ఫస్ట్ గేర్లో కదిలేటప్పుడు బండంతా వణకడం. ప్లేటు మీద ఆయిల్ పడినా వణుకుతుంది, ప్లేటు వంకరపోయినా వణుకుతుంది. అసలు క్లచ్‌తో సంబంధం లేకుండా ఇంజిన్ మౌంటింగ్ విరిగినా వణుకుతుంది.

నాలుగోది చప్పుడు. పెడల్ తొక్కినప్పుడు మొదలయ్యే చప్పుడైతే ముందు రిలీజ్ బేరింగ్ చూడాలి. తొక్కితే ఆగిపోయే చప్పుడైతే గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ చూడాలి.

మా ఉయ్యూరు వాళ్ళకి ఇంకో చిక్కుంది. మాది డెల్టా, అరచేయి లాంటి నేల. కంకిపాడు, పెనమలూరు, పోరంకి, కానూరు మీదుగా బెజవాడ దాకా దారిలో ఒక్క గుట్ట తగలదు. జారే క్లచ్ ముందు బయటపడేది ఎత్తు ఎక్కేటప్పుడే. చదును రోడ్డు మీద నెలల తరబడి దాక్కుంటుంది. ఏదో ఒక రోజు నలుగురిని ఎక్కించుకుని దుర్గమ్మ కొండ ఘాట్ రోడ్డు ఎక్కబోతే అప్పుడు మాడు వాసన వస్తుంది. అందరూ "కొండెక్కేటప్పుడు సరిగ్గా నడపలేదు" అంటారు. మనకీ అంతేగా, తక్కువ లోడ్‌లో బయటపడని బగ్ పండగ సేల్ రోజున బయటపడితే ఆ రోజు డ్యూటీలో ఉన్నవాడిదే తప్పు!

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా బాబాయికి 66 ఏళ్ళు. ముప్ఫై అయిదేళ్ళ పైనుంచి కారు నడుపుతున్నాడు. పిన్నికి వారానికి రెండుసార్లు బెజవాడలో డయాలసిస్. ఉయ్యూరు నుంచి పోనూ రానూ అరవై కిలోమీటర్ల పైచిలుకు. పాత పెట్రోలు కారు, ఆయనే నడుపుకుంటూ తీసుకెళ్ళేవాడు. ఒక వేసవిలో క్లచ్ జారడం మొదలైంది. ఒక షెడ్డులో 11,000 పెట్టి మొత్తం సెట్ మార్పించాడు. ఏడు నెలలు తిరక్కుండానే మళ్ళీ అదే జారుడు. మళ్ళీ అక్కడికే వెళ్తే బానెట్ కూడా ఎత్తకుండా చెప్పేశారట: "కొత్త ప్లేటు ఏడు నెలల్లో పోయిందంటే మీ కాలేనండీ కారణం. పెద్దవాళ్ళయ్యారు, పెడల్ మీద కాలు పెట్టే నడుపుతున్నారు".

ఆ మాట 11,000 కన్నా ఖరీదైంది. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు ఫోన్లో "ఇంక మీరు నడపొద్దు నాన్నా, డ్రైవర్ని పెట్టుకోండి" అన్నాడు. వాడి భయం వాడిది, తప్పు పట్టను. అద్దె కారు ట్రిప్పుకి 1,500, నెలకి తొమ్మిది ట్రిప్పులు, లెక్క మీరే వేసుకోండి. డబ్బు సంగతి అటుంచితే, సంక్రాంతికి నేను వెళ్ళేసరికి బాబాయి కారు తాళాలు దేవుడి గదిలో పెట్టేసి ఉన్నాడు. "ఏమోరా అబ్బాయ్, కాలు ఎక్కడ పడుతోందో నాకే తెలియట్లేదేమో" అన్నాడు. ముప్ఫై అయిదేళ్ళు చేసిన పని మీద మనిషికి నమ్మకం పోవడానికి ఒక్క వాక్యం సరిపోయింది.

"బాబాయ్, పాత ప్లేటు ఏది?" అనడిగాను. మొదటిది పాత ఇనుముకి పోయింది. రెండోది ఇంకా బండిలోనే ఉంది. సరే, అది బయటికి తీసేటప్పుడు మనం అక్కడే ఉందామని చెప్పి, పండగ వెళ్ళాక బండిని నెమ్మదిగా ఆటోనగర్‌లో తెలిసిన పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాం. మేస్త్రి ముందు పెడల్ ఫ్రీ ప్లే చూశాడు. అది సరిగ్గానే ఉంది. (అసలు ఫ్రీ ప్లే లేకపోతే ఎవరూ తొక్కకుండానే క్లచ్ కొంచెం తొక్కినట్టే ఉండి జారుతుంది. గేర్ బాక్స్ దించే ముందు చూడాల్సింది అదే.) తర్వాత గేర్ బాక్స్ దింపించాడు. ప్లేటు చేతిలోకి తీసుకుని, వేలితో రాసి, వాసన చూశాడు.

"ఇంజినాయిలు. గేరాయిలైతే ఘాటు వేరేగా ఉంటది" అన్నాడు. తర్వాత రివిట్లు చూపించాడు. "ఇదిగో, ఇంకా ఇంత మందం ఉంది. కాలు పెట్టి నడిపితే ముందు ఇది అరగాల. ఎండిపోయి, మాడి, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు పడాల. ఇక్కడ అయ్యేం లేవు, తడిగా ఉంది." క్రాంక్ షాఫ్ట్ వెనక ఆయిల్ సీల్ కారుతోంది. అక్కణ్ణుంచి చుక్కా చుక్కా ప్లేటు మీదకి. బాబాయి వైపు తిరిగి, "మీ కాలు కాదండీ, సీలు" అన్నాడు. బాబాయి ఏమీ మాట్లాడలేదు. ఆ ప్లేటు ఒక పేపర్లో చుట్టించుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

సీల్ ఖరీదు మూడొందల పైచిల్లర.

తైయిచి ఓనో పేరు మనలో చాలామంది ట్రైనింగుల్లో వినే ఉంటారు. టయోటా ఉత్పత్తి పద్ధతి మీద 1978లో వచ్చిన తన పుస్తకంలో ఆయన "ఎందుకు" అని అయిదుసార్లు అడగమంటాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ కూడా యంత్రమే. మిషన్ ఎందుకాగింది? ఫ్యూజ్ పోయింది. ఎందుకు? బేరింగ్‌కి ఆయిల్ అందలేదు. ఎందుకు? పంపు సరిగ్గా తోడటం లేదు. ఎందుకు? దాని షాఫ్ట్ అరిగింది. ఎందుకు? వడపోత జాలీ లేక ఇనుప రజను లోపలికి పోయింది. మొదటి "ఎందుకు" దగ్గరే ఆగి ఫ్యూజ్ మారిస్తే, కొన్నాళ్ళకి మళ్ళీ ఫ్యూజే పోతుంది. మా బాబాయి ప్లేటు లాగా. ఇక్కడ గమనించాల్సింది ఇంకోటుంది. ఆ అయిదు జవాబుల్లో ఎక్కడా "ఆపరేటర్‌కి మిషన్ నడపడం రాదు" అని లేదు.

షెడ్డు వాళ్ళందరూ దొంగలని నేనడం లేదు. సెట్ మొత్తం మార్చడంలో న్యాయం ఉంది. ఖర్చులో పెద్ద భాగం గేర్ బాక్స్ దింపి ఎక్కించే కూలి. ఎలాగూ దింపాక ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కలిపి మార్చేస్తే మళ్ళీ ఆ కూలి పడదు. నా అభ్యంతరం మార్చినందుకు కాదు, చూడనందుకు. సీల్ కనపడేదే గేర్ బాక్స్ దింపి, క్లచ్ విప్పినప్పుడు. ఆ అయిదు నిమిషాలు టార్చి వేసి చూడకపోతే అంత కూలీ దండగ. మనవాళ్ళు సర్వర్ పడిపోగానే లాగ్స్ దాచుకోకుండా రీస్టార్ట్ చేసెయ్యడం లాంటిదే ఇది. పొద్దున్నకి అంతా పచ్చగా ఉంటుంది, కారణం మాత్రం చెరిగిపోతుంది. బాబాయి మొదటి ప్లేటు సీల్ వల్లే పోయిందో, మామూలుగా అరిగిపోయిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆ లాగ్ ఫైలు పాత ఇనుము బండి ఎక్కేసింది.

కాబట్టి, ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి ఫోన్ చేసినప్పుడు మూడు ముక్కలు చెప్పండి. ఒకటి, "క్లచ్ పోయింది" అంటే ఆగకుండా, జారుతోందా, వదలట్లేదా, వణుకుతోందా, చప్పుడా అని అడగమనండి. రెండు, గేర్ బాక్స్ దింపాక వెనక సీలూ, ఫ్లైవీలూ చూసి చెప్పమనండి, వీలైతే ఫోటో తీసి పంపమనండి. మూడు, పాత ప్లేటు ఇంటికి తెచ్చుకోమనండి. డబ్బులిచ్చి కొన్నది, అది మనదే. అది ఎండి మాడి ఉండి, సీల్ పొడిగా ఉండి, కేబుల్ సరిగ్గా ఉంటే అప్పుడు డ్రైవింగ్ గురించి మాట్లాడదాం. ఆ మాట కూడా మర్యాదగా చెప్పొచ్చు: వీరమ్మ తల్లి తిరునాళ్ళ రద్దీలో, చెరకు ట్రాక్టర్ల వెనక పాకేటప్పుడు, క్లచ్ మీద బండిని నిలబెట్టకుండా న్యూట్రల్ చేసి బ్రేక్ మీద ఆగండి, కాలు పెడల్ పక్కన పెట్టుకోండి, అని.

కానీ ప్లేటు చూడకుండా మనిషిని అనడం మాత్రం వద్దు. ప్లేటు పోతే ఆటోనగర్‌లో ఇంకోటి దొరుకుతుంది. అరవై దాటినవాళ్ళకి తమ చేతి మీదా కాలి మీదా నమ్మకం పోతే ఏ షాపులోనూ స్పేర్ దొరకదు.