మూడో గొర్రెకీ ఒక మాట

లండన్ తూర్పు వైపున ఈస్ట్‌హామ్ అనే పేట ఉంది. హై స్ట్రీట్ నార్త్‌లో ఇడ్లీ హోటళ్లు, చీరల కొట్లు, బంగారు దుకాణాలు. ఎవరో ఒకరు తెలుగులో మాట్లాడుకోవడం వినబడకుండా ఆ వీధి దాటడం కష్టం. మా అమ్మాయి వాళ్లుండేది ఆ పక్క సందులోనే. వాళ్ల పాప ఒకటో తరగతి చదివే ప్రభుత్వ ప్రైమరీ బడి నడిచిపోయే దూరం. క్రిస్మస్ సెలవులకు ముందరి వారం ఆ బడి తలుపులు ఇంటి పెద్దలకి ఓరగా తెరుచుకుంటాయి. జిల్లా పరిషత్ బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, అలాంటి తలుపు కనబడితే ఆగుతానా?

ఓరగానే, బార్లా కాదు. గేటు దగ్గర బజర్ నొక్కాలి. ఆఫీసులో సంతకం పెట్టి, విజిటర్ కార్డు మెడలో వేసుకోవాలి. ఫోను సంచిలోంచి తీయకూడదు. పిల్లల మధ్య ఒంటరిగా తిరగకుండా ఒక టీచింగ్ అసిస్టెంట్ వెంటే ఉంటుంది. నేను పనిచేసిన బడుల్లోకి ఊళ్లో మేకలు కూడా అడక్కుండా వచ్చిపోయేవి.

సెప్టెంబర్‌లో మొదలై, అక్టోబర్ చివర ఒక వారం ఆగి, క్రిస్మస్ దాకా సాగే ఈ టర్మ్ ఏడాదిలో పొడవైనది. చివరి వారానికి పిల్లలకీ ఓపిక ఉండదు, టీచర్లకీ ఉండదు. అందరి ముక్కులూ కారుతుంటాయి. పొద్దున ఎనిమిదైతే గాని తెల్లారదు, సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. ఈ వారంలో కొత్త పాఠం చెప్పినా బుర్రకెక్కదని తెలుసు కాబట్టి చెప్పరు. అలాగని పిల్లల్ని ఊరికే కూచోబెట్టరు.

తరగతి గది బయట ఎర్ర కాగితం అంటించిన అట్టపెట్టె ఒకటి పెట్టారు. అది పోస్టు డబ్బా. పిల్లలు ఒకళ్లకొకళ్లు రాసుకున్న క్రిస్మస్ కార్డులు అందులో వేస్తే, మధ్యాహ్నం ఆరో తరగతి పిల్లలు సంచీలు తగిలించుకుని వచ్చి బడంతా పంచుతారు. అచ్చేసిన మొదటి క్రిస్మస్ కార్డు వచ్చింది ఈ లండన్‌లోనే. పండక్కి అందరికీ ఉత్తరాలు రాసే తీరిక లేక హెన్రీ కోల్ అనే ఆయన 1843లో బొమ్మ గీయించి అచ్చు కొట్టించాడు. ఆయన రాత తప్పించుకోవడానికి కనిపెట్టింది ఇప్పుడు ఐదారేళ్ల పిల్లల చేత కుదురుగా రాయిస్తోంది. చిన్న తరగతుల్లో ఒక టీచర్ దగ్గర 30 మందికి మించి పిల్లలు ఉండకూడదని అక్కడ చట్టం. ఆ 30 మందీ తక్కిన 29 మందికి రాస్తే ఒక్క గదిలోనే 870 కార్డులు! ఎవర్నీ మరిచిపోకూడదని టీచర్ పేర్ల జాబితా ముందే ఇంటికి పంపింది. మా మనవరాలు భోజనాల బల్ల దగ్గర కూచుని, నాలుక కాస్త బయటపెట్టి, పోలండ్ పిల్లాడి పేరు, సొమాలియా పిల్ల పేరు, తమిళుల పిల్లాడి పేరు ఒక్కో అక్షరం చూసుకుంటూ రాసింది. ప్రతి కార్డు కిందా తన పేరు. కాపీ రైటింగ్ పుస్తకం ఇచ్చి నీ పేరు ఇరవై తొమ్మిదిసార్లు రాయమంటే ఏ పిల్లైనా రాస్తుందా?

అయితే ఈ వారం అసలు సందడి నాటకానిది. ఏసు పుట్టుక కథని చిన్న తరగతుల వాళ్లు ఆడతారు, నేటివిటీ ప్లే అంటారు. మా పాప తరగతి రెండు సెక్షన్లు, అరవై మంది పిల్లలు. కథ చూస్తే చిన్నది. మేరీ, జోసెఫ్, సత్రం యజమాని, ముగ్గురు జ్ఞానులు, గొర్రెల కాపరులు, దేవదూతలు. అరవై వేషాలు ఎక్కణ్ణించి తేవాలి? అందుకని ఆకాశంలోంచి నక్షత్రాలు గుంపుగా దిగాయి. ఒంటెలు, గాడిద, కోళ్లు వచ్చాయి. సత్రం యజమానికి పెళ్లాం వచ్చింది, పక్కన ఇంకో సత్రం వెలిసింది. మా పాప మూడో గొర్రె.

వేషాలు తెలిసిన రాత్రి తల్లుల వాట్సాప్ గ్రూపు సెగలు కక్కింది. మా అమ్మాయీ ముఖం ముడుచుకుంది. "బాగా చదువుతుంది కదమ్మా, గొర్రెనిచ్చారేంటి?" పాపకి ఆ దిగులే లేదు. "అమ్మమ్మా, నాకు డైలాగుంది తెలుసా! అందరూ బెత్లెహేము వెళ్దాం అంటారు కదా, అప్పుడు నేను నాకు చలేస్తోంది అంటాను" అని పడుకోబోయే దాకా ఆ ఒక్క ముక్క చెబుతూనే ఉంది.

రిహార్సల్ చూడనిచ్చారు. బడికి ఉన్నది ఒకటే హాలు, భోజనాలూ అక్కడే, ఆటలూ అక్కడే. బల్లలు మడిచి గోడకి చేర్చి, గ్రేవీ వాసన పోకముందే బెత్లెహేము నిలబెడతారు. గొర్రెల కాపరి తలకి గిన్నెలు తుడిచే తువ్వాలు, దాని చుట్టూ వాళ్ల నాన్న పాత టై. దేవదూతల నెత్తిన చమ్కీ దండలు, అవి జారి కళ్ల మీదకొస్తున్నాయి. బాల ఏసు ప్లాస్టిక్ బొమ్మ. మేరీ దాన్ని కాలు పట్టుకుని తలకిందులుగా మోసుకొస్తుంటే టీచర్ గొంతు తగ్గించి "తల, తల పట్టుకో" అంటోంది. ఆవిడ వేదిక ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూచుంది. ప్రతి పాటకీ పెదాలు కదుపుతూ చేతులతో సైగలు చేస్తోంది. ఆ సైగలు మకటన్ అనే పద్ధతివి. మాట సరిగా రానివాళ్ల కోసం 1970ల్లో ఇంగ్లండ్‌లో తయారైంది. ఈ బడిలో పిల్లలందరికీ నేర్పుతారు. పోయిన నెలే రొమేనియా నుంచి వచ్చిన పిల్లాడొకడికి ఇంగ్లిషు ముక్క రాదు. వాడు నక్షత్రాల్లో ఒకడు. పాట రాకపోతేనేం, చేతులు రెండూ అందరితో సమానంగా ఆడించాడు. వాడి సంగతి తెలియనివాళ్లకి తేడా ఏమీ కనబడదు.

వేషాలు ఏ లెక్కన పంచారని టీచర్నడిగాను. ఎవరు బాగా చెబుతారన్నది మేం చూడం అంది. నోరు విప్పని పిల్లకి ఎంత చిన్న మాట ఇస్తే విప్పుతుందో చూసి, అంతే ఇస్తామంది.

ప్రదర్శన రోజు మూడో గొర్రె తన వంతు రాగానే మైకు అక్కర్లేకుండా అరిచింది. హాలంతా నవ్వింది. ఆ నవ్వు నచ్చి మళ్లీ అంది.

జోసెఫ్ వేషం వేసింది బంగ్లాదేశ్ కుటుంబం పిల్లాడు. ఈస్ట్‌హామ్ ఉన్న న్యూహామ్ బరోలో 2021 జనాభా లెక్కల ప్రకారం క్రైస్తవులు, ముస్లింలు దాదాపు సరిసమానం, చెరో మూడో వంతు. ఇంగ్లండ్ ప్రభుత్వ బడుల్లో రోజూ సామూహిక ప్రార్థన జరగాలని 1944 నుంచీ చట్టం ఉంది. అది ప్రధానంగా క్రైస్తవ పద్ధతిలో ఉండాలని 1988లో చేర్చారు. వద్దనుకున్న తల్లిదండ్రులు కారణం చెప్పకుండానే పిల్లల్ని తప్పించవచ్చు. కేరల్స్ పాడే వేళ ఇద్దరు పిల్లలు లైబ్రరీలో బొమ్మలు గీసుకుంటూ కనబడ్డారు. పాట అయ్యాక వచ్చి తోటివాళ్లతో కలిసి వరసలో నిలబడ్డారు. ఎవరూ ఏమీ అడగలేదు.

బుధవారం క్రిస్మస్ భోజనం. న్యూహామ్‌లో ప్రైమరీ పిల్లలందరికీ 2009 నుంచే మధ్యాహ్న భోజనం ఉచితం. లండన్ అంతటా 2023లో గాని రాలేదు. ఆ రోజు వడ్డించేది హెడ్మాస్టరూ టీచర్లూ. టర్కీ కోడి, అందులో హలాల్ వేరు, మాంసం తిననివాళ్లకి కూరగాయల వంటకం. బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ అనే చిట్టి క్యాబేజీలు ప్రతి పళ్లెంలోనూ పడ్డాయి, ఇంచుమించు ప్రతి పళ్లెంలోనూ మిగిలాయి. క్రాకర్లనే కాగితపు గొట్టాల్ని చెరో కొసా పట్టి లాగితే చిన్న చప్పుడు, లోపల కాగితం కిరీటం. హెడ్మాస్టర్ సాయంత్రం దాకా ఆ కిరీటం తీయలేదు. మన దగ్గర హెడ్మాస్టర్ని అలా ఊహించుకోవడానికి ప్రయత్నించి విరమించుకున్నాను.

నచ్చనిదీ ఉంది. ఆ వారమంతా రోజూ ఏదో ఒక దానికి డబ్బు. క్రిస్మస్ సంతకి ఇంత, లాటరీ టికెట్లకింత, పార్టీ తినుబండారాలకింత. 2012 నుంచి సేవ్ ది చిల్డ్రన్ సంస్థ కోసం జరుపుతున్న క్రిస్మస్ స్వెటర్ల రోజుకి విరాళం సరే, ఏటా కొత్త స్వెటర్ కొనేదెవరు? పాత స్వెటర్లు కడ్డీకి తగిలించి, కావలసినవాళ్లు తీసుకోండని తల్లిదండ్రుల సంఘం పెట్టింది. తెలివైన పని. కాకపోతే నలుగురూ చూస్తుండగా దాని దగ్గరికి వెళ్లడానికి కొందరు మొహమాటపడటం నేను చూశాను.

శుక్రవారం మధ్యాహ్నానికే బడి వదిలేశారు. జనవరిలో పిల్లలకంటే ఒక రోజు ముందు టీచర్లు వస్తారు. ఏడాదిలో పిల్లలకి 190 పనిదినాలైతే టీచర్లకి 195.

మన దగ్గర స్కూల్ డే వస్తే బాగా ఆడే పదిమందిని, బాగా పాడే నలుగురిని ఏరుకుంటాం. తక్కినవాళ్లు కింద కూచుని చప్పట్లు కొడతారు. నేనూ ఏళ్ల తరబడి అలాగే చేయించాను. అరవై మందిని ఎక్కించడానికి స్టేజీ చాలదంటారేమో, ఆ లండన్ బడి స్టేజీ కూడా మన హాలు అరుగంతే ఉంది. హెడ్మాస్టర్లకు నాదొక విన్నపం. ఈసారి వార్షికోత్సవం కార్యక్రమ పత్రం అచ్చుకిచ్చే ముందు హాజరు పట్టీ పక్కన పెట్టుకుని, ఏ పేరు ఎందులోనూ లేదో చూడండి. ఆ పిల్లలకి తలా ఒక్క మాట ఇవ్వండి.