ఆటోనగర్ చూసొద్దాం రండి!

బెజవాడ వెళ్ళామంటే ఇంద్రకీలాద్రి ఎక్కి అమ్మవారిని దర్శించుకుంటాం, బీసెంట్ రోడ్డులో నాలుగు చీరలు చూసుకుంటాం, బస్సెక్కేస్తాం. ఈసారి బందరు రోడ్డు మీదుగా బెంజి సర్కిల్, పటమట దాటి జవహర్ ఆటోనగర్ కూడా చూసి రండి. లారీల మరమ్మతులకు పెట్టింది పేరు ఆ చోటు. "ఆడవాళ్ళకి అక్కడేం పని?" అంటారేమో! లారీ మీద బతికే ఇళ్ళు మన తెలుగునాట ఎన్ని లేవూ? వాయిదా డబ్బు కూడబెట్టేదీ, అవసరానికి గాజులు తీసిచ్చేదీ ఇల్లాలే కదా!

వీధి పొడవునా సుత్తి దెబ్బలు, వెల్డింగ్ మెరుపులు, డీజిల్ వాసన. ఒక షెడ్డులో లారీకి బాడీ కడుతుంటారు, ఇంకోదాంట్లో డీజిల్ పంపు విప్పుతుంటారు, మరోచోట రంగులేస్తుంటారు. ఎవరి విద్య వారిది.

అక్కడికొచ్చే లారీల జబ్బుల్లో ఒకటి చెబుతాను వినండి. సెల్ఫ్ కొడితే ఇంజను గిర్రున తిరుగుతుంది, కానీ అందుకోదు. చురుగ్గా తిరుగుతోందంటే బ్యాటరీ, సెల్ఫ్ మోటారు బాగానే ఉన్నట్టు. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులుండవు. లోపల గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది.

అనుభవమున్న మేస్త్రి ముందు స్పానరు పట్టుకోడు, సైలెన్సరు వంక చూస్తాడు. సెల్ఫ్ కొడుతున్నా పొగే రాలేదా? డీజిల్ లోపలికి అందడం లేదన్నమాట. తెల్లపొగ వస్తోందా? డీజిల్ అందుతోంది గాని మండడం లేదు. అప్పుడు నాజిళ్ళో, పంపు టైమింగో, కంప్రెషనో చూడాలి.

పొగ రాకపోతే వరుసగా చూడాల్సినవి ఇవి: ట్యాంకులో డీజిల్ నిజంగా ఉందా? ఇంజను ఆపే కేబులు వెనక్కి వచ్చిందా? ఫిల్టరులో నీళ్ళో మడ్డో చేరిందా? పైపుల్లో గాలి పట్టిందా? మనింట్లో నీళ్ళ మోటారు తిరుగుతున్నా నీళ్ళెక్కకపోతే, గాలి పట్టిందని మూత విప్పి నీళ్ళు పోస్తాం చూడండి, ఇదీ అలాంటిదే. పాతరకం లారీకైతే ఫిల్టరు దగ్గర స్క్రూ వదులుచేసి చేతిపంపు కొడతారు. ముందు బుడగలొస్తాయి. బుడగల్లేని డీజిల్ రాగానే బిగించేస్తారు.

"చాల్లే ఆపవయ్యా, బ్యాటరీ దిగిపోద్ది!" అని మేస్త్రి డ్రైవరును కేకలేస్తాడు. పది పదిహేను సెకన్లు కొట్టి, కాసేపు ఆగి మళ్ళీ కొట్టాలి. ఆపకుండా కొడితే సెల్ఫ్ మోటారు కూడా పాడవుతుంది.

2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 లారీలకు మాత్రం స్కానరు పెట్టి చూడాల్సిందే. వాటి నాజిళ్ళకెళ్ళే పైపుల్లో డీజిల్ విపరీతమైన ఒత్తిడితో ఉంటుంది. ఇంజను తిరుగుతుండగా వాటిని వదులుచేస్తే ప్రాణానికే ముప్పు.

ఫిల్టరు మార్చి గాలి తీయడం చవకలో తేలిపోతుంది. పంపు, నాజిళ్ళు విప్పితే ఖర్చు వేలల్లోకి పోతుంది. పైగా బండిలో నూజివీడు మామిడికాయలుంటే ప్రతి పూటా నష్టమే. అందుకే మీ ఇంటి బండి షెడ్డుకెళ్ళిందని ఫోనొస్తే కంగారుపడి డబ్బు పంపేయకండి. "పొగ వచ్చిందా? ఫిల్టరు చూశారా? గాలి తీశారా?" అని అడగండి. ఈ మూడింటికీ జవాబు విన్నాకే పంపు విప్పడానికి సరేననండి.